ఒకే జాబితా

2018 చివర్లో ఒక శనివారం పొద్దున్నే, ఇంజనీరింగ్ కాలేజీలో నాకు రెండేళ్ళు సీనియర్ అయిన ఒకాయన హైదరాబాదు నించి ఫోన్ చేశాడు. ఎన్నికలొస్తున్నాయి, ఒక పార్టీకి యాప్ చేసిపెట్టే కాంట్రాక్టు దొరికింది, చిన్న సాయం కావాలన్నాడు.

"ఏం లేదు తమ్ముడూ, ఓటర్ల జాబితా ఎక్సెల్లో పంపుతాను. పేరూ, తండ్రి పేరూ, ఇంటిపేరూ చూసి ఎవరిది ఏ మతమో, వీలైతే ఏ కులమో పక్కన ఒక కాలమ్‌లో రావాలి. నీకు రెండు రాత్రుల పని."

ఏ పార్టీ అని నేను అడగలేదు. ఏదైతే తేడా ఏముంటుందనిపించింది. అప్పుడు ఆ పని తప్పని కూడా తోచలేదు. పైగా సమస్య సరదాగా ఉంది. నిజంగానే రెండు రాత్రుల్లో అయిపోయింది. సరిగ్గా పని చేస్తోందో లేదో చూద్దామని, నాకు బాగా తెలిసిన జాబితా ఒకటి తీసుకున్నాను. తెనాలి దగ్గర మా ఊరిది.

మా ఇంటి నాలుగు పేర్ల పక్కన "హిందూ" అని వచ్చింది. బాగానే ఉంది. మా పక్కిల్లు దూదేకుల వాళ్ళది. ఆ ఇంట్లో ఆరు ఓట్లు. నలుగురి పక్కన "ముస్లిం" అనీ, ఇద్దరి పక్కన "హిందూ" అనీ వచ్చింది. ఒకే ఇల్లు, ఒకే పొయ్యి, రెండు మతాలు! దూదేకుల వాళ్ళ పేర్లు తెలిసినవాళ్ళకి ఇందులో ఆశ్చర్యం ఉండదు. ఇంటిపేరు మనలాగే ఉంటుంది, పిలిచే పేరు సగం ఇటూ సగం అటూ ఉంటుంది. నా ప్రోగ్రాముకి ఆ సంగతి తెలియదు.

ముందు నవ్వొచ్చింది. సరిచేద్దామని ఆ ఇద్దరి పేర్లకీ ఒక నిబంధన రాయబోతుంటే మా తాతయ్య చెప్పిన 1946 ఎన్నికల కథ గుర్తొచ్చింది. నవ్వు ఆగిపోయింది.

ఆ పక్కింటి ఆరుగురిలో పెద్దాయన తండ్రిని మేం సాయిబు తాత అనేవాళ్ళం. మా తాతయ్యా ఆయనా ఈడువాళ్ళు, "ఏం బావా" అంటే "ఏం బావా" అనుకునేవాళ్ళు. 1946లో మద్రాసు శాసనసభకి ఎన్నికలు జరిగినప్పుడు ఇద్దరికీ కొద్దో గొప్పో పొలం ఉంది కాబట్టి ఓటు ఉంది. అప్పట్లో అందరికీ ఓటు ఉండేది కాదు. ఆస్తీ, పన్నూ, చదువూ లాంటి అర్హతలు చూసేవాళ్ళు. అభ్యర్థి మనుషులు మా తాతయ్య దగ్గరికి వచ్చారు, అరుగు మీద కూర్చున్నారు, మజ్జిగ తాగారు, వెళ్ళిపోయారు. పక్క గుమ్మం వైపు చూడలేదు. "ఆ ఇంట్లోనూ ఓటుందయ్యా" అని తాతయ్య అంటే, "అది మన జాబితాలోది కాదండీ" అన్నారట. సాయిబు తాత ఓటు వేరే జాబితాలో ఉంది. ఆయన నియోజకవర్గం వేరు, ఆయన అభ్యర్థి వేరు. ఆ అభ్యర్థి మా తాతయ్యతో మాట్లాడాల్సిన పని లేదు, ఈ అభ్యర్థి సాయిబు తాతతో మాట్లాడాల్సిన పని లేదు.

దీన్నే ప్రత్యేక నియోజకవర్గాలు అంటారు. మన దేశంలో మతమూ ఎన్నికలూ అనగానే అందరూ ఉపన్యాసాల గురించీ, నినాదాల గురించీ మాట్లాడతారు. నాకు మాత్రం అసలు కథ ఈ జాబితాల్లోనే ఉందనిపిస్తుంది.

1906 అక్టోబరులో ఆగాఖాన్ నాయకత్వంలో ముస్లిం ప్రముఖులు సిమ్లా వెళ్ళి వైస్రాయి మింటోని కలిశారు. ఎన్నికలంటూ పెడితే లెక్కల్లో మేం మునిగిపోతాం, మా ప్రతినిధుల్ని మేమే ఎన్నుకునే ఏర్పాటు కావాలన్నారు. వాళ్ళ భయం ఉత్తది కాదు. లెక్క లెక్కే కదా. బ్రిటిష్ వాళ్ళకీ ఆ ఏర్పాటు అనుకూలమే. 1909 చట్టంతో ముస్లింలకి వేరే జాబితా వచ్చింది. 1916లో లక్నో ఒప్పందంలో కాంగ్రెసు కూడా దీనికి ఒప్పుకుంది. 1919 చట్టంతో పంజాబులో సిక్కులకీ, మన మద్రాసు రాష్ట్రంలో దేశీయ క్రైస్తవులకీ కూడా వేరే జాబితాలొచ్చాయి. ఒకసారి గోడ కట్టడం మొదలుపెడితే ప్రతివాళ్ళకీ ఒక గది కావాలనిపిస్తుంది. 1932లో అంటరానివారనబడిన కులాలకి కూడా వేరే జాబితా ఇస్తామన్నారు. గాంధీ నిరాహారదీక్ష, అంబేద్కర్‌తో పూనా ఒప్పందం, ఆ కథ మీకు తెలిసిందే. అక్కడ వేరే జాబితా పోయి, ఉమ్మడి జాబితాలోనే రిజర్వుడు సీట్లు వచ్చాయి.

ఈ పద్ధతి ఎలా పనిచేస్తుందో కాస్త ఆలోచించండి. ఓటేసేవాళ్ళంతా ఒకే మతం వాళ్ళయితే, పోటీ చేసేవాళ్ళంతా అదే మతం వాళ్ళయితే, ఒకర్ని మించి ఒకరు ఏం చెప్పాలి? "వాడికంటే నేనే గట్టివాణ్ణి" అనే చెప్పాలి. మెత్తగా మాట్లాడేవాడికి అక్కడ లాభం లేదు. 1945 చివర్లో కేంద్ర శాసనసభకి జరిగిన ఎన్నికల్లో ముస్లింలకి కేటాయించిన 30 సీట్లకి 30 ముస్లిం లీగ్ గెలుచుకుంది. దేశవిభజనకి చాలా కారణాలున్నాయి, అన్నీ జాబితా మీదికి నెట్టడం అన్యాయం. కానీ నలభై ఏళ్ళపాటు పక్కింటివాడి ఓటు అడగక్కర్లేకుండా రాజకీయం నడవడం కూడా ఆ కారణాల్లో ఒకటని నేను నమ్ముతాను.

రాజ్యాంగసభలో ఈ జాబితాల సంగతి రెండుసార్లు తేలింది. 1947 ఆగస్టు చివర్లో, విభజన నెత్తురు ఇంకా ఆరకముందే, మద్రాసు నించి వచ్చిన పోకర్ సాహెబ్ ప్రత్యేక నియోజకవర్గాలు ఉంచాలని సవరణ పెట్టాడు. ఓడిపోయింది. అయితే ఉమ్మడి జాబితాలో మైనారిటీ మతాలకి రిజర్వుడు సీట్లు ఉంచుదామని అప్పట్లో అనుకున్నారు. 1949 మేలో అదీ తీసేశారు. సర్దార్ పటేల్ తెచ్చిన ఆ ప్రతిపాదనని, యూపీ నించి లీగ్ తరఫున వచ్చిన బేగం ఐజాజ్ రసూల్ సమర్థించింది. మైనారిటీని మెజారిటీ నించి ఎప్పటికీ విడదీసి ఉంచే ఏర్పాటు చివరికి మైనారిటీకే చేటు అని ఆమె వాదన. బెంగాలు క్రైస్తవుడు హెచ్.సి. ముఖర్జీ కూడా సమర్థించాడు. మద్రాసు సభ్యుడు మహమ్మద్ ఇస్మాయిల్ ఒప్పుకోలేదు. రక్షణ లేకుండా మమ్మల్ని మెజారిటీ దయకి వదిలేస్తున్నారన్నది ఆయన బాధ. ఈ ఇద్దరి మాటలూ పక్కపక్కన పెట్టుకుని చదివితే ఎవరిది తప్పనో అంత తేలిగ్గా చెప్పలేం. డెబ్భై అయిదేళ్ళ తరవాత కూడా చెప్పలేం.

చివరికి రాజ్యాంగంలో 325వ అధికరణం అయి కూర్చుంది. ప్రతి నియోజకవర్గానికీ ఒకే ఒక సాధారణ ఓటర్ల జాబితా. మతం, జాతి, కులం, లింగం కారణంగా ఎవర్నీ అందులోంచి తీసెయ్యకూడదు, వాటి పేరు చెప్పి ఎవరూ వేరే జాబితాలో చేర్చమని అడగకూడదు. అంతే. ఉపన్యాసాలు లేవు. "లౌకిక" అన్న మాట రాజ్యాంగ పీఠికలోకి 1976లో వచ్చింది. ఈ జాబితా మాత్రం మొదటినించీ ఉంది.

1952 ఎన్నికల్లో మా తాతయ్యా సాయిబు తాతా ఒకే బడి ముందు ఒకే వరసలో నిలబడ్డారు. అప్పుడు ఒక్కో అభ్యర్థికీ ఒక్కో పెట్టె, పెట్టె మీద గుర్తు. ఎవరి పెట్టెలో వేశారని అడిగితే ఇద్దరూ చివరిదాకా చెప్పలేదు. "ఈసారి మాత్రం అన్ని పార్టీల వాళ్ళూ రెండరుగుల మీదా కూర్చున్నార్రా, మీ నాయనమ్మకీ వాళ్ళావిడకీ మజ్జిగ చిలకలేక చేతులు పడిపోయాయి" అని మాత్రం తాతయ్య చెప్పేవాడు.

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ కాదు. ఇలాంటి గోడ తీసెయ్యడానికి కొన్ని దేశాలకి చాలా కాలం పట్టింది. పాకిస్తాన్‌లో జియా హయాంలో మళ్ళీ మతాలవారీ జాబితాలు పెట్టారు, 1985 ఎన్నికలు అలాగే జరిగాయి. 2002లో ముషారఫ్ ఉమ్మడి జాబితా తెచ్చాడు గానీ అహ్మదీయుల్ని మాత్రం వేరే జాబితాలో ఉంచాడు. మారిషస్ రాజ్యాంగంలో ఇంకోరకం చిక్కు. అక్కడ ఓటర్ల జాబితా ఒకటే గానీ, అభ్యర్థి మాత్రం తాను హిందువో, ముస్లిమో, చైనా సంతతివాడో, "సాధారణ జనాభా"నో నామినేషన్‌లో రాయాలి. ఎన్నికయ్యాక ఏ వర్గానికి తక్కువ సీట్లొచ్చాయో చూసి ఓడినవాళ్ళలోంచి ఎనిమిది మంది దాకా చేర్చుకుంటారు. దానికి 1972 నాటి జనాభా లెక్కలే ఆధారం. కోరంగి రేవు నించి ఓడలెక్కి వెళ్ళిన మన తెలుగువాళ్ళ వారసులు అక్కడ గుడీ బడీ పండగా అన్నీ తెలుగువాళ్ళుగానే జరుపుకుంటారు, ఈ లెక్కలో మాత్రం "హిందూ" గడిలో పడతారు. ఏ గడిలోనూ పడమని కొందరు పోరాడితే 2014 ఎన్నికకి మాత్రం ఆ నిబంధన సడలించారు.

మన జాబితాలో మతం గడి లేదు గానీ అది పూర్తిగా పోయిందనడం కూడా అబద్ధమే. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా హిందువులకే. సిక్కుల్ని 1956లోనూ, బౌద్ధుల్ని 1990లోనూ చేర్చారు. క్రైస్తవుల్నీ ముస్లింలనీ చేర్చలేదు. మా ఊరి మాలపల్లిలో ఆదివారం చర్చి నిండిపోతుంది. రిజర్వుడు సీటుకి పోటీ చెయ్యాలంటే కాగితం మీద మాత్రం హిందువుగా ఉండాలి. బాప్తిస్మం తీసుకుంటే కులం పోదని పల్లెలో అందరికీ తెలుసు, ఉత్తర్వుకి తెలియదు. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దళిత క్రైస్తవులకి ఎస్సీ హోదా ఇవ్వమని కేంద్రాన్ని కోరుతూ తీర్మానం చేసింది. వేరే జాబితా తీసేసినవాళ్ళు ఈ తలుపు ఒక్కటీ అలా వదిలేశారు.

ఇక రెండో సంగతి, ఓటు అడిగే మాట గురించి.

1948 ఏప్రిల్లో, గాంధీ హత్య జరిగిన రెండు నెలలకి, మన తిరుచానూరు ప్రాంతం నించి వెళ్ళిన అనంతశయనం అయ్యంగార్ సభలో ఒక తీర్మానం పెట్టారు. మతాన్నిబట్టి, కులాన్నిబట్టి సభ్యత్వం ఇచ్చే సంస్థల్ని రాజకీయాల్లోకి రానివ్వకూడదని. నెహ్రూ సమర్థించాడు, సభ ఆమోదించింది. కానీ దాన్ని పార్టీల మీద నిషేధంగా చట్టంలో పెట్టలేదు. దాని బదులు 1951 ప్రజాప్రాతినిధ్య చట్టంలో, మతం పేరుతో ఓటు అడగడాన్ని అక్రమ పద్ధతుల్లో చేర్చారు. మొదట్లో "పద్ధతి ప్రకారం పదేపదే" అడిగితేనే తప్పు. 1961లో సవరించి ఆ మాట తీసేశారు, ఒక్కసారి అడిగినా తప్పే అన్నారు. దాంతోపాటు ఒక చిన్న మాట చేర్చారు. "మతం" అని ఉన్నచోట "అతని మతం" అని.

ప్రోగ్రాములు రాసేవాళ్ళకి ఈ బాధ తెలుస్తుంది. ఒక్క సర్వనామం. ఎవరి మతం? అభ్యర్థి మతమా? ప్రత్యర్థి మతమా? ఓటరు మతమా? ఈ మూడింటికీ ఒకే మాట పెట్టి వదిలేశారు. అది తేలడానికి యాభై ఆరేళ్ళు పట్టింది.

ఈలోగా కోర్టుల్లో రకరకాల కేసులు. 1957లో బీహారులో ఒక ఆదివాసీ అభ్యర్థి గుర్తు కోడిపుంజు. కోడే స్వయంగా ఓటు అడుగుతున్నట్టు వేసిన కరపత్రం ఆదివాసీల దేవతారాధనని వాడుకోవడమేనని ఎన్నిక రద్దయింది, సుప్రీంకోర్టూ అదే ఖాయం చేసింది. 1962లో పంజాబులో "పంథ్" పేరు చెప్పి ఓటడిగిన అకాలీ అభ్యర్థి విషయంలో, ఆ సందర్భంలో పంథ్ అంటే పార్టీయే గానీ మతం కాదని సుప్రీంకోర్టు ఆ ఎన్నికని నిలబెట్టింది. కోడిపుంజు మతమైంది, పంథ్ పార్టీ అయింది! జడ్జిల్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. మాటల్లోంచి మనిషి మనసు తవ్వితీయడం అంత కష్టం.

1987 డిసెంబరులో బొంబాయి విలే పార్లే ఉపఎన్నికలో శివసేన మద్దతుతో రమేష్ ప్రభూ గెలిచాడు. బాల్ ఠాక్రే ఉపన్యాసాల కారణంగా హైకోర్టు ఆ ఎన్నిక రద్దు చేసింది. 1995 డిసెంబరు 11న సుప్రీంకోర్టు ఆ రద్దుని ఖాయం చేసింది. ఠాక్రేకి ఆరేళ్ళపాటు ఓటు హక్కు కూడా పోయింది. అదే తీర్పులో "హిందుత్వ" అన్న మాట వాడినంతమాత్రాన మతం పేరుతో అడిగినట్టు కాదు, అది ఒక జీవనవిధానం అనే అర్థంలోనూ వాడొచ్చు అని రాశారు. అదే రోజు మనోహర్ జోషీ ఎన్నికని నిలబెట్టారు. అప్పట్నించీ ఒక పక్షం జీవనవిధానం అన్న వాక్యమే చదువుతుంది, రెండో పక్షం కూడా దాన్నే తిడుతుంది. ఆ తీర్పు అసలు ఫలితం ఎన్నిక రద్దు అన్న సంగతి ఇద్దరికీ గుర్తుండదు.

1990లో శాంతాక్రజ్ నించి గెలిచిన అభిరామ్ సింగ్ కేసు సుప్రీంకోర్టులో తిరిగి తిరిగి ఏడుగురు జడ్జిల ముందుకొచ్చింది. 2017 జనవరి 2న తీర్పు. నలుగురు ఒకవైపు, ముగ్గురు ఇంకోవైపు. "అతని" అంటే అభ్యర్థీ, ప్రత్యర్థీ, ఓటరూ, ఎవరి మతమైనా అన్నారు నలుగురు. వాళ్ళలో మన జస్టిస్ లావు నాగేశ్వరరావు ఒకరు. జస్టిస్ చంద్రచూడ్ రాసిన అసమ్మతిలో ఇంకో మాట ఉంది. మతం వల్ల, కులం వల్ల అన్యాయానికి గురైనవాళ్ళు ఆ అన్యాయం గురించి ఎన్నికల్లో మాట్లాడకుండా నోరు కట్టేస్తే అది ప్రజాస్వామ్యం ఎలా అవుతుంది అన్నది దాని సారాంశం. మా మాలపల్లి చర్చి గురించి ఒక అభ్యర్థి మాట్లాడితే అది మతం పేరుతో అడగడమా, న్యాయం అడగడమా? నాకు రెండు తీర్పులూ సబబుగానే అనిపిస్తాయి, అదే ఇబ్బంది.

ఇంకో ఇబ్బంది కాలం. ఎన్నిక కేసు వెయ్యాలంటే ఫలితం వచ్చాకే, 45 రోజుల్లోపు. ఆరు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టంలో ఉంది. 1990 ఎన్నిక మీద మొదలైన కేసులో చట్టానికి అర్థం చెప్పేసరికి 2017 వచ్చింది. ఎన్నికల మధ్యలో పని చేసేది కమిషన్ ఒక్కటే. 2019 ఏప్రిల్లో యోగి ఆదిత్యనాథ్‌ని 72 గంటలు, మాయావతిని 48 గంటలు ప్రచారం చెయ్యొద్దని ఆపింది. మూడు రోజులు నోరు మూసుకుంటే చాలు. మా నాయనమ్మ బతికుంటే, మన పార్టీలవాళ్ళకి లౌకికం తెలీదు గానీ లౌక్యం బాగా తెలుసనేది.

నేనుండే అమెరికాలో ఇలాంటి చట్టమే లేదు. పదవికి మతపరీక్ష పెట్టకూడదని రాజ్యాంగంలో ఉంది, అయినా 1960లో కెనడీ తన కాథలిక్ మతం గురించి హూస్టన్‌లో పాస్టర్ల ముందు సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చింది. మన దగ్గర గుడిలో, మసీదులో పోలింగ్ కేంద్రం పెట్టకూడదు. నేనిక్కడ మొదటి ఓటు వేసింది చర్చి హాల్లో, గోడ మీద పిల్లలు వేసిన నోవా ఓడ బొమ్మ కింద. ఎవరికీ అది వింతగా అనిపించలేదు. అంటే మతం పేరెత్తకుండా చేసే చట్టం ఒక్కటే లౌకికత కాదన్నమాట.

నాకు అర్థమైంది ఇంతే. మాటని పట్టుకోవడం కోర్టుకి కూడా కష్టం. జాబితా మాత్రం ఏ ఉపన్యాసం అక్కర్లేకుండా తన పని తాను చేస్తుంది. పక్క గుమ్మం కూడా ఎక్కక తప్పని పరిస్థితి తెస్తుంది. మహమ్మద్ ఇస్మాయిల్ భయపడ్డట్టు, పక్క గుమ్మం లేకుండానే గెలవగలం అని లెక్క తేలినప్పుడు మాత్రం దానికీ బలం చాలదు. ఆ లెక్క తేలాలంటే ఎవరిది ఏ మతమో తెలియాలి. ప్రభుత్వం ఆ కాలమ్ పెట్టలేదు. ఓటు నమోదు ఫారంలో ఆ ప్రశ్నే లేదు. రాజ్యాంగసభ అంత గొడవపడి తీసేసిన ఆ కాలమ్‌ని నేను రెండు రాత్రుల్లో కాఫీ తాగుతూ మళ్ళీ పెట్టేశాను. దాన్ని బట్టి వరస మారిస్తే మా ఊరి జాబితా రెండుగా విడిపోయింది. 1946 లాగే. కాకపోతే అప్పుడు సాయిబు తాత ఇంటివాళ్ళందరూ ఒకవైపే ఉన్నారు. నేను వాళ్ళని కూడా చీల్చాను.

అన్నకి ఫోన్ చేసి, "నా వల్ల కాదన్నా" అన్నాను. కారణం చెప్పడానికి మొహమాటపడ్డాను. ఆయన ఏమీ అనుకోలేదు. "పర్లేదు తమ్ముడూ, ఇక్కడ ఇంకో కుర్రాడున్నాడు" అన్నాడు. ఆ కుర్రాడు పూర్తి చేసే ఉంటాడు. నా ఫైలు నేను తీసేశాను, దానివల్ల ఎవరికీ ఒరిగిందేమీ లేదు.

2024 మే 13న మా ఊళ్ళో పోలింగ్. మా నాన్నకి ఫోన్ చేస్తే ఇంకా వరసలోనే ఉన్నాడు. ఎండ మండిపోతోందన్నాడు. ముందు ఎవరున్నారు నాన్నా అని అడిగాను.

"ఇంకెవరుంటారురా, సాయిబు బాబాయి కొడుకు. ఇంటి నంబర్ల ప్రకారం కదా జాబితా. వాడి పేరు తరవాత నా పేరు. వాడి గొడుగు కిందే ఉన్నాలే, నువ్వు పడుకో."